‘సంబంధిత పత్రాలన్నీ జతపరచాలి’ అన్న వాక్యాన్ని చదవడం ఎలా

అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగ ప్రకటనల్లో ఖాళీలు, రోస్టర్ (ఏ ఖాళీ ఏ రిజర్వేషన్ వర్గానికో తెలిపే వరుస), జీతం స్థాయి వంటివన్నీ వివరంగా ఇచ్చి, జతపరచవలసిన కాగితాల దగ్గరికి వచ్చేసరికి ‘సంబంధిత ధ్రువపత్రాలన్నీ జతపరచాలి, అసంపూర్ణంగా ఉన్న దరఖాస్తులు తిరస్కరించబడతాయి’ అని ఒక్క వాక్యంతో ముగించడం మన విశ్వవిద్యాలయాలకు పాత అలవాటు. ఏవి సంబంధితమో, ఏది లేకపోతే దరఖాస్తు అసంపూర్ణమవుతుందో ఆ వాక్యం చెప్పదు. అందువల్ల కొందరు అభ్యర్థులు బడిలో వ్యాసరచన పోటీకి వచ్చిన ప్రశంసాపత్రంతో సహా రెండు వందల పేజీలు స్కాన్ చేసి పంపుతారు. మరికొందరు డిగ్రీలు, నెట్ (జాతీయ అర్హత పరీక్ష) సర్టిఫికెట్ పెట్టి, మిగతావి ఇంటర్వ్యూలో చూపిస్తే సరిపోతుందని ఊరుకుంటారు. మొదటివారి కట్టలో నిజంగా కావలసిన కాగితం ఎవరికీ కనిపించదు, రెండోవారి కట్టలో అది ఉండనే ఉండదు.

దరఖాస్తులో మనం రాసే ప్రతి సంగతీ ఒక వాదం, ప్రతి పత్రం దానికి సాక్ష్యం. పరిశీలన సంఘంలో కూర్చున్నవారి ముందు ఒక మార్కుల పట్టిక ఉంటుంది. ఆ పట్టికలోని ఏ గడిని నింపడానికి ఏ కాగితం కావాలో తెలుసుకుంటే, ప్రకటనలోని అస్పష్టత చాలావరకు తొలగిపోతుంది. కాబట్టి ప్రకటనను ఒంటరిగా చదవకూడదు. దరఖాస్తు ఫారంలోని కాలమ్‌లను, ప్రకటన ‘ఫలానా నిబంధనల ప్రకారం’ అని పేర్కొన్న నిబంధనలను పక్కన పెట్టుకుని మూడింటినీ కలిపి చదవాలి. ప్రకటనలో లేని వివరం చాలాసార్లు ఫారంలోని ఒక కాలమ్ పేరులో దొరుకుతుంది. ‘పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ తేదీ’ అన్న గడి ఉందంటే, ఆ తేదీని చూపే కాగితం అడిగినట్టే లెక్క.

ఏ నిబంధనల కింద లెక్కిస్తారు?

కేంద్ర, రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలావరకు ఆధారం 2018 జూలై 18న యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ప్రకటించిన కనీస అర్హతల నిబంధనలే. 2025 జనవరిలో వాటి స్థానంలో కొత్త ముసాయిదా ఒకటి విడుదలైంది గాని, ముసాయిదాను చూసి దరఖాస్తు చేయకూడదు. ప్రకటన ఏ నిబంధనల పేరు చెప్పిందో, వాటికి వచ్చిన ఏ సవరణలను కలుపుకుందో అదే మనకు ప్రమాణం. ఐఐటీలు, ఐసర్‌లు (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థలు) ఈ పరిధిలోకి రావు కనుక వాటి సంగతి చివర్లో విడిగా చెబుతాను.

విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పదవికి ఇంటర్వ్యూకు పిలవవలసినవారిని ఎంచడానికి 2018 నిబంధనల్లో 3ఏ అనే పట్టిక ఉంది. అందులో డిగ్రీకి గరిష్ఠంగా 15 మార్కులు, పీజీకి 25, పీహెచ్‌డీకి 30, జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)తో కూడిన నెట్‌కు 7, నెట్‌కు 5, రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష అయిన సెట్‌కు (స్లెట్ అన్నా ఇదే) 3, పరిశోధన పత్రాలకు ఒక్కోదానికి 2 చొప్పున 10 వరకు, బోధన లేదా పోస్ట్ డాక్టరల్ అనుభవానికి ఏడాదికి 2 చొప్పున 10 వరకు, అంతర్జాతీయ, జాతీయ స్థాయి పురస్కారాలకు 3, రాష్ట్ర స్థాయి పురస్కారానికి 2 మార్కులు ఉంటాయి. ఈ మార్కులు పిలుపు కోసమే, తుది ఎంపిక ఇంటర్వ్యూ మీద ఆధారపడుతుంది. ఈ పట్టికను ఒక కాగితం మీద నిలువుగా రాసుకుని, ప్రతి అంశానికి ఎదురుగా మీకు ఎన్ని మార్కులు వస్తాయనుకుంటున్నారో, దానికి ఏ పత్రం చూపగలరో రాయండి. పత్రం లేని గడులే మీ అసలు పని. పట్టికలో చోటు లేని కాగితాలు, అంటే వర్క్‌షాప్‌లో పాల్గొన్న సర్టిఫికెట్లు, వెబినార్ ప్రశంసాపత్రాలు, ఫారం ప్రత్యేకంగా అడిగితే తప్ప పెట్టనవసరం లేదు.

‘మార్కుల జాబితాలు’ అంటే ఏవి?

మన దగ్గర ఒక్క డిగ్రీకే సెమిస్టర్ మెమోలు, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్, ఒరిజినల్ డిగ్రీ అని నాలుగు రకాల కాగితాలు ఉంటాయి. ‘మార్కుల జాబితా’ అని ఏకవచనంలో అడిగితే కన్సాలిడేటెడ్ మెమో చాలు. ‘జాబితాలన్నీ’ అంటే సెమిస్టర్ మెమోలు కూడా పెట్టడం క్షేమం. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌ను చాలామంది అంగీకరిస్తారు గాని, పాసై ఏళ్లు గడిచాక కూడా ప్రొవిజనలే పెడితే ప్రశ్న వస్తుంది. ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) కోసం ఇప్పుడే దరఖాస్తు చేసి ఉంటే, ఫీజు కట్టిన రసీదును ప్రొవిజనల్‌తో పాటు జతపరచండి.

అసలు చిక్కు సీజీపీఏ (పదికి లెక్కించే సగటు గ్రేడు) దగ్గర వస్తుంది. ప్రకటన ‘పీజీలో 55 శాతం లేదా సమానమైన గ్రేడు’ అంటుంది, మెమోలో 6.2 అని ఉంటుంది. కొన్ని విశ్వవిద్యాలయాలు సీజీపీఏను నేరుగా పదితో గుణిస్తాయి, కొన్ని ముందుగా 0.5 తీసేసి గుణిస్తాయి, మరికొన్ని 0.75 తీసేస్తాయి. అదే 6.2 మొదటి పద్ధతిలో 62 శాతమై 3ఏ పట్టికలో 23 మార్కులు తెస్తుంది, రెండో పద్ధతిలో 57 శాతమై 20 మార్కులే తెస్తుంది, మూడో పద్ధతిలో 54.5 శాతమై, రిజర్వేషన్ సడలింపు వర్తించని అభ్యర్థికి అర్హతే లేకుండా చేస్తుంది. కనుక ఫారంలో శాతం గడి ఉన్నప్పుడు మనకు నచ్చిన సూత్రంతో లెక్కకట్టి రాయకూడదు. మీ డిగ్రీ ఇచ్చిన విశ్వవిద్యాలయం సూత్రం మెమో వెనుక ముద్రించి ఉంటే ఆ వెనుక పేజీని కూడా స్కాన్ చేయండి. లేకపోతే పరీక్షల విభాగం నుంచి కన్వర్షన్ సర్టిఫికెట్ తెచ్చుకోండి. ప్రకటనలో ఎక్కడా దీన్ని అడగకపోయినా ఇది తప్పనిసరి పత్రమనే అనుకోండి. మెమో ముందు వైపు మాత్రమే స్కాన్ చేసి పంపేవారు ఎందరో ఉంటారు.

‘యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ’

ఈ మాట చూసి పీహెచ్‌డీ పట్టా ఒక్కటే జతపరిస్తే సరిపోదు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నెట్ లేదా సెట్ ఉండాలి, యూజీసీ 2009 లేదా 2016 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం డాక్టరేట్ పొందినవారికి అది మినహాయింపు. అంటే నెట్ లేని అభ్యర్థి తన పట్టా ఆ నిబంధనలకు లోబడి వచ్చిందని చూపాలి. ఇందుకు డిగ్రీ ఇచ్చిన విశ్వవిద్యాలయం రాసి ఇచ్చే ధ్రువీకరణ ఒకటి అవసరం.

2009 జూలై 11కు ముందు రిజిస్టర్ అయినవారి సంగతి మరొకటి. వారికి ఆనాటి నిబంధనలే వర్తిస్తాయి గాని, మినహాయింపు కోసం ఐదు షరతులు నెరవేరాలి. పీహెచ్‌డీ రెగ్యులర్ పద్ధతిలో వచ్చి ఉండాలి, సిద్ధాంత గ్రంథాన్ని కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు పరిశీలించి ఉండాలి, బహిరంగ వైవా (మౌఖిక పరీక్ష) జరిగి ఉండాలి, పరిశోధన నుంచి రెండు పత్రాలు ప్రచురితమై వాటిలో ఒకటైనా రిఫరీడ్ (నిపుణులు పరిశీలించాకే వ్యాసాలు వేసే) జర్నల్‌లో వచ్చి ఉండాలి, యూజీసీ, ఐసీఎస్‌ఎస్‌ఆర్, సీఎస్‌ఐఆర్ వంటి సంస్థల సహాయంతో జరిగిన సదస్సుల్లో కనీసం రెండు పత్రాలు సమర్పించి ఉండాలి. వీటిని రిజిస్ట్రార్ గాని, అకడమిక్ వ్యవహారాల డీన్ గాని ధ్రువీకరించాలి. గైడ్ సంతకం, శాఖాధిపతి సంతకం ఇక్కడ పనికిరావు. పరిశోధకుల మధ్య ‘ఐదు పాయింట్ల సర్టిఫికెట్’ అని పిలుచుకునేది దీన్నే. ప్రకటనలో ఆ పేరు ఉండకపోవచ్చు. ‘నిర్ణీత నమూనాలో పీహెచ్‌డీ ధ్రువపత్రం’ అన్న మాట కనిపిస్తే ఇదేనని అర్థం చేసుకోవాలి. రిజిస్ట్రార్ కార్యాలయంలో ఇది ఒక్క రోజులో చేతికి రాదు కనుక ప్రకటన రాకముందే తెచ్చిపెట్టుకోవడం మంచిది.

మధ్యలో మారిన నిబంధన ఒకటి చాలామందిని తికమక పెడుతోంది. విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీహెచ్‌డీ తప్పనిసరి అన్న షరతు 2018 నిబంధనల్లో ఉండేది, దాని అమలు వాయిదా పడింది, చివరకు 2023 జూలై 1 నుంచి నెట్, సెట్, స్లెట్‌లే కనీస అర్హతగా, పీహెచ్‌డీ ఐచ్ఛికంగా మారాయి. పాత ప్రకటనను దిద్ది కొత్తది తయారు చేసినప్పుడు వెనకటి వాక్యం ఒకటి మిగిలిపోవడం అసాధ్యం కాదు. అటువంటి వైరుధ్యం కనిపిస్తే ఊహించుకోకుండా రాసి అడగాలి.

విదేశంలో చదివినవారు ‘తత్సమాన డిగ్రీ’ అన్న మాట దగ్గర ఆగాలి. ఇంతకాలం భారత విశ్వవిద్యాలయాల సంఘం ఇచ్చే సమానత్వ ధ్రువపత్రమే చెల్లుబాటయ్యేది. 2025 ఏప్రిల్‌లో యూజీసీ ఇందుకు తన సొంత నిబంధనలు తెచ్చింది. మీ డిగ్రీ ఎప్పటిదో, ప్రకటన ఏ పత్రం పేరు చెప్పిందో రెండూ చూసుకోండి.

అనుభవ పత్రం

మొత్తం దరఖాస్తులో ఎక్కువ మార్కులు నేలపాలయ్యేది ఇక్కడే. నా సొంత దరఖాస్తు ఒకదానికి అలాగే జరిగింది. ఆరేళ్లు పనిచేసిన కళాశాల ఇచ్చిన కాగితంలో ‘మా సంస్థలో అధ్యాపకులుగా పనిచేశారు, ప్రవర్తన సంతృప్తికరం’ అన్న రెండు వాక్యాలు తప్ప, హోదా, చేరిన తేదీ, జీతం ఏవీ లేవు. ఆ ఆరేళ్లకు నాకు వచ్చిన మార్కులు సున్నా. సంఘాన్ని తప్పుపట్టలేను, ఆ కాగితం నుంచి వారు లెక్కించగలిగింది ఏమీ లేదు.

‘అనుభవ ధ్రువపత్రం’ అని ప్రకటన అన్నప్పుడు నిబంధనలు అడిగేది ఎన్నో సంగతులు. గత సర్వీసును నేరుగా జరిపే నియామకాల్లో లెక్కించడానికి 2018 నిబంధనల్లో పదో అంశం షరతులు పెట్టింది. అప్పటి పదవికి ఉన్న అర్హతలు యూజీసీ నిర్ణయించిన వాటికి తక్కువ కాకూడదు. తాత్కాలిక, కాంట్రాక్టు, అడ్‌హాక్ ఉద్యోగమైతే, తీసుకున్న స్థూల జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల జీతానికి తగ్గకూడదు. ప్రైవేటు కళాశాలల్లో పనిచేసిన మనవారిలో ఎందరు ఈ చివరి షరతును దాటగలరో అందరికీ తెలిసిన విషయమే. అసోసియేట్ ప్రొఫెసర్‌కు కావలసిన ఎనిమిదేళ్ల అనుభవం దగ్గర ఇది కచ్చితంగా అడ్డువస్తుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ షార్ట్‌లిస్టింగ్ మార్కులకు కూడా కొన్ని విశ్వవిద్యాలయాలు దీన్ని వర్తింపజేస్తాయి.

అందుచేత ఒక్కో ఉద్యోగానికి నియామక ఉత్తర్వు, చేరిక నివేదిక, విడుదల ఉత్తర్వు, వీటితో పాటు హోదా, పే స్కేలు, ఉద్యోగ స్వభావం, చేరిన తేదీ, మానేసిన తేదీ స్పష్టంగా రాసిన అనుభవ పత్రం ఉండాలి. జీతానికి ఫారం 16 (జీతం మీద కోసిన పన్ను వివరాల పత్రం) గాని, జీతం సర్టిఫికెట్ గాని, జీతం జమ అయిన పేజీలున్న బ్యాంకు స్టేట్‌మెంట్ గాని చూపాలి. ఇప్పటికీ అదే ఉద్యోగంలో ఉంటే ‘నేటి వరకు’ అన్న మాటతో పాటు పత్రం ఇచ్చిన తేదీ ఉండాలి. ఏడాది కంటే తక్కువ అనుభవానికి మార్కులు దామాషాలో తగ్గుతాయి కనుక రోజుల లెక్క కూడా విలువైనదే.

పీహెచ్‌డీ చేస్తూ పాఠాలు చెప్పినవారికి మరో మెలిక ఉంది. డిగ్రీ కోసం గడిపిన కాలాన్ని అనుభవంగా లెక్కించరు. అయితే ఏ రకమైన సెలవూ పెట్టకుండా ఉద్యోగం చేస్తూనే పరిశోధన చేసి ఉంటే ఆ కాలం బోధన అనుభవంగా చెల్లుతుంది. మీరు సెలవు పెట్టలేదని ప్రిన్సిపాల్ ఒక వాక్యం రాసి ఇస్తే ఆ మూడు నాలుగేళ్లు నిలుస్తాయి, ఆ వాక్యం లేకపోతే సంఘం రెండు తేదీలు పోల్చి చూసి కోసేస్తుంది.

‘ప్రచురణల ప్రతులు’

మొత్తం వ్యాసం పెట్టాలా, మొదటి పేజీ చాలా అన్నది అందరి సందేహం. సంఘం చూడదలచుకున్నది నాలుగు సంగతులే: మీ పేరు రచయితల్లో ఉందా, అది ఏ జర్నల్, ఎప్పుడు వచ్చింది, ఆ జర్నల్ లెక్కలోకి వస్తుందా. ఐఎస్‌ఎస్‌ఎన్ (జర్నల్ గుర్తింపు సంఖ్య) ఉన్న పేజీ, విషయసూచిక, వ్యాసం మొదటి పేజీ కలిపితే మొదటి మూడింటికి సమాధానం దొరుకుతుంది. నాలుగోదానికి జర్నల్ పీర్ రివ్యూ (అదే రంగపు నిపుణుల పరిశీలన) జరుపుతుందని చూపే పేజీ గాని, యూజీసీ జాబితాలో ఉన్నట్టు చూపే ముద్రిత ప్రతి గాని కావాలి. యూజీసీ కేర్ జాబితా 2019 జూన్ నుంచి అమల్లో ఉండి 2025లో రద్దయింది. మీ వ్యాసం మధ్యకాలంలో వచ్చి ఉంటే, వ్యాసం అచ్చయిన నాటికి జర్నల్ ఆ జాబితాలో ఉందనడానికి రుజువును ఇప్పుడే భద్రపరచుకోండి.

3ఏ పట్టికలో పత్రానికి 2 చొప్పున గరిష్ఠం 10 కాబట్టి నిర్దోషమైన ఐదు పత్రాలు చాలు. సందేహాస్పదమైన పదిహేనింటిని పెట్టి మిగతావాటి మీద కూడా అనుమానం తెచ్చుకోవద్దు. అసోసియేట్ ప్రొఫెసర్‌కు లెక్క వేరు, అక్కడ ఏడు ప్రచురణలు, 75 పరిశోధన స్కోరు కావాలి. ఒక ప్రచురణకు వచ్చే స్కోరులో, ఇద్దరు రచయితలుంటే ఒక్కొక్కరికి 70 శాతం, అంతకు మించితే ప్రధాన రచయితకు 70 శాతం, మిగిలినవారికి 30 శాతం చొప్పున వస్తుంది. కనుక కరెస్పాండింగ్ రచయిత ఎవరో తెలిపే పేజీ అక్కడ వదిలేయకూడదు.

కుల, ఆదాయ పత్రాలు, పేర్లు

‘తాజా ఓబీసీ సర్టిఫికెట్’ అన్న మాటలో రెండు చిక్కులున్నాయి. కేంద్ర విశ్వవిద్యాలయాలకు మీసేవలో తీసుకున్న రాష్ట్ర బీసీ పత్రం చాలదు. ఏ, బీ, సీ, డీ, ఈ వర్గాలు రాష్ట్రానివి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల నమూనాలో, క్రీమీలేయర్‌కు చెందరని రాసిన పత్రం తహసీల్దార్ నుంచి విడిగా తీసుకోవాలి. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) పత్రం ఏ ఆర్థిక సంవత్సరపు ఆదాయం మీద ఇచ్చినదో చూడాలి. మార్చిలో తీసుకున్నది, గడువు తేదీ ఏప్రిల్‌లోకి వచ్చిన ప్రకటనకు పనికిరాకుండా పోవచ్చు.

పేర్ల సంగతి ఏ ప్రకటనలోనూ ఉండదు, మనవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మాత్రం అదే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, డిగ్రీలో పొడి అక్షరంగా, ఆధార్‌లో పేరు తరవాత, వ్యాసాల్లో తలకిందులుగా, పెళ్లయ్యాక మరో ఇంటిపేరుతో ఉంటుంది. తెలుగు ఇంటిపేర్ల తీరు తెలియని చోట ఇవన్నీ ఒక్కరివే అని నమ్మించడానికి నోటరీ అఫిడవిట్ గాని, పేరు మార్పు జరిగి ఉంటే గెజిట్ ప్రతి గాని జతపరచండి.

ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవారు యాజమాన్యం నుంచి తేవలసిన ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) విషయంలో ‘ప్రాపర్ ఛానల్’ (యాజమాన్యం ద్వారా పంపడం) అన్నా, ‘ఎన్‌ఓసీ ఇంటర్వ్యూ సమయంలో’ అన్నా, అడ్వాన్స్ కాపీని (ముందస్తు ప్రతిని) గడువులోగా నేరుగా పంపి, యాజమాన్యానికి ఇచ్చిన అభ్యర్థన ప్రతిని దానికి జతచేయడం ఆచరణలో ఉన్న దారి.

ఐఐటీలు, ఐసర్‌ల ప్రకటనలు

ఇక్కడ మార్కుల పట్టిక ఉండదు కాబట్టి అస్పష్టత మరో రకంగా ఉంటుంది. ‘పరిశోధన ప్రణాళిక’ అంటే చేసిన పని వివరణ కాదు, రాబోయే ఐదేళ్లలో ఆ సంస్థలో ఉండి మీరు చేయదలచిన పని. ‘బోధన ప్రణాళిక’లో, వారి పాఠ్యక్రమంలో ఇప్పటికే ఉన్న ఏ కోర్సులు చెప్పగలరో, కొత్తగా ఏవి పెట్టగలరో రాయాలి, బోధన గురించిన మీ ఆదర్శాలకు అక్కడ చోటు తక్కువ. ‘రిఫరీల పేర్లు’ అంటే మీ పని తెలిసినవారి పేర్లు, చిరునామాలే, ఉత్తరాలు వారే తెప్పించుకుంటారు. ‘సిఫారసు లేఖలు’ అంటే మాత్రం ఉత్తరాలే. ఈ రెండింటినీ కలగాపులగం చేసి, గైడ్ సంతకం చేసిన లేఖను మీరే అప్‌లోడ్ చేస్తే దానికి విలువ ఉండదు.

అడగడం, పంపడం

ఎంత చదివినా తేలనిది మిగిలితే రిక్రూట్‌మెంట్ విభాగానికి రాయాలి. ‘ఏ పత్రాలు పెట్టాలో తెలపగలరు’ అని అడిగితే ‘ప్రకటన చూడండి’ అన్న జవాబే వస్తుంది. అవును, కాదు అని చెప్పగలిగేలా అడగండి: ‘ప్రకటనలోని ఏడో అంశం కింద, స్నాతకోత్సవం ఇంకా జరగనందున, పీహెచ్‌డీ పట్టాకు బదులు ప్రొవిజనల్ సర్టిఫికెట్ జతపరచవచ్చా?’ జవాబు వస్తే దాని ప్రతిని దరఖాస్తులో కలపండి. ఫోనులో చెప్పిన మాట మీద ఆధారపడవద్దు. జవాబు రాకపోతే రెండు అర్థాలకూ సరిపోయేలా పత్రాలు పెట్టి, లేనిదానికి కారణం రాసిన ఒక పేజీని దాని స్థానంలోనే ఉంచండి.

ఆన్‌లైన్‌లో, కేంద్ర విశ్వవిద్యాలయాలకైతే 2023 నుంచి ఉన్న సీయూ చయన్ పోర్టల్‌లో, సమర్పించడంతో పని అయిపోయిందనుకోకూడదు. చాలా విశ్వవిద్యాలయాలు ప్రింటు తీసిన దరఖాస్తును మరో తేదీలోగా పోస్టులో పంపమంటాయి, ఆ రెండో తేదీ ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. సెల్ఫ్ అటెస్టేషన్ అంటే ప్రతి పేజీ మీద సంతకం, తేదీ. ప్రతి పేజీకి వరుస సంఖ్య వేసి, ముందు ఒక సూచిక పెట్టి, ఫారంలో మీరు కోరిన ప్రతి మార్కు పక్కన దాని పేజీ సంఖ్య రాయండి. పంపిన కట్టకు అచ్చంగా అదే వరుసలో మరో ప్రతిని దగ్గర ఉంచుకోండి. తాత్కాలిక జాబితా వెలువడి, మీ పేరు ఎదురుగా ‘అనుభవ పత్రం లేదు’ అని ఉంటే అభ్యంతరం తెలపడానికి కొద్ది రోజుల గడువే ఇస్తారు. అప్పుడు ‘జతపరిచాను’ అని వాదించే బదులు ‘నా దరఖాస్తులో 34 నుంచి 41వ పేజీ వరకు చూడగలరు’ అని ఒక్క వాక్యం రాయగలుగుతారు.